కోషీ-రీమన్ సమీకరణాలు సరిపోయాయి కదా, మార్కులు ఎందుకు పోయాయి?

పొదలకూరు_నిమ్మ

ఎమ్మెస్సీ గణితం రెండవ సెమిస్టరులో సంకీర్ణ విశ్లేషణ పేపరు నడుస్తోంది. డిగ్రీలో మాకు వాస్తవ విశ్లేషణ ఉంది గాని ఇది లేదు, కాబట్టి తరగతిలో అందరమూ కొత్తగానే మొదలుపెట్టాము. మొన్నటి ఇంటర్నల్‌లో |ఎక్స్·వై| వర్గమూలం అనే ప్రమేయం మూలబిందువు దగ్గర అవకలనీయమా కాదా అని ఒక ప్రశ్న ఇచ్చారు. పాక్షిక అవకలజాలన్నీ సున్నా అని చూపించి, కోషీ-రీమన్ సమీకరణాలు (వాస్తవ, కల్పిత భాగాల పాక్షిక అవకలజాలను కలిపే రెండు నియమాలు) సరిపోయాయి కనుక అవకలనీయమేనని రాశాను. ఆ ప్రశ్నకు ఒక్క మార్కు కూడా వేయలేదు. సమీకరణాలు సరిపోయాక కూడా అవకలనం లేదనడం ఎలా కుదురుతుందో ఎవరైనా వివరించగలరా?

ఇంకొక బాధ కూడా ఉంది. ఈ పేపరులోని సిద్ధాంతాలన్నీ నమ్మశక్యం కాని మాటలే చెబుతున్నాయి. ఒక్కసారి అవకలనం చేయగలిగితే ఎన్నిసార్లైనా చేయవచ్చునట. వృత్తం అంచు మీద విలువలు తెలిస్తే లోపలి విలువలన్నీ తెలిసిపోతాయట. తలమంతటా అవకలనీయమై, పరిబద్ధమై కూడా ఉంటే అది స్థిర ప్రమేయమేనట. వాస్తవ విశ్లేషణలో వీటిలో ఒక్కటీ నిజం కాదు. అవకలజం నిర్వచనం మాత్రం రెండు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకటే. అక్కడ ఏమీ ఇవ్వని నిర్వచనం ఇక్కడ ఇన్ని వరాలు ఎలా ఇస్తోంది? ఫైనల్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అర్థమయ్యేదాకా ఆగాలా, కంఠతా పట్టి గట్టెక్కాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

కావలి_ప్యాసింజర్

గట్టెక్కు తమ్ముడూ. అది ఏటా తిరిగి వచ్చే ప్రశ్నే. "వై = ఎక్స్ గీత వెంట సమీపిస్తే అవధి వేరుగా వస్తుంది" అన్న ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే చాలు. సిద్ధాంతాలు పది, పన్నెండు ఉంటాయి. వాటిని వరుసగా రాసి చూసుకుంటే పేపరు పాసవుతారు.

పొదలకూరు_నిమ్మ

తమ్ముడు కాదండీ, చెల్లెలు.

ఒంగోలు_గిత్త

కావలి అన్న చెప్పిన వాక్యం సరైనదే గాని, లెక్క చూపించకుండా ఆ వాక్యం ఒక్కటే రాస్తే దిద్దేవారు సగం మార్కులతో సరిపెడతారు. లెక్క కూడా పెద్దదేమీ కాదు. ఎక్స్ అక్షం మీద, వై అక్షం మీద ఈ ప్రమేయం విలువ ఎప్పుడూ సున్నాయే, అందుకే పాక్షిక అవకలజాలు సున్నాలు వచ్చాయి. ఇప్పుడు వై = ఎక్స్ గీత మీద ధనాత్మక దిశ నుంచి మూలబిందువుకు రండి. లవంలో ప్రమేయం విలువ ఎక్స్, హారంలో జడ్ (అంటే ఎక్స్ + ఐ·వై) విలువ ఎక్స్(1+ఐ). భాగిస్తే 1/(1+ఐ) మిగులుతుంది. అక్షాల వెంట సున్నా, ఈ గీత వెంట 1/(1+ఐ). రెండు దారుల్లో రెండు జవాబులు వచ్చాయి కనుక అవధి లేదు. అవధి లేదు కనుక అవకలజం లేదు.

పొదలకూరు_నిమ్మ

లెక్క అర్థమైంది. అయితే ఆ సమీకరణాలతో మనకు పనేమిటి? ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు?

పాత_బోర్డు

ఒంగోలులో చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నిర్వచనం రెండు చోట్లా ఒకటేనన్న మాట దగ్గరే ఆగి చూడాలి. అక్షరాలు ఒకటే గాని, అందులోని హెచ్, అంటే బిందువు నుంచి జరిగి సున్నాకు పంపే మార్పు, ఒకటి కాదు. వాస్తవ రేఖ మీద హెచ్ సున్నాను చేరడానికి కుడి, ఎడమ అని రెండే దారులున్నాయి. తలంలో అది ఏ గీత వెంటనైనా రావచ్చు, వంపు తిరిగిన దారిలో రావచ్చు, సుడిలాగా తిరుగుతూ కూడా రావచ్చు. ఇన్ని దారుల్లోనూ భాగఫలం ఒకే ఒక్క సంకీర్ణ సంఖ్యను చేరాలని నిర్వచనం అడుగుతోంది. అడిగినది ఎక్కువ కనుకనే ఇచ్చేదీ ఎక్కువ. మీరు వరాలన్నవన్నీ ఆ కఠినమైన షరతుకు దక్కిన ఫలితాలే.

కోషీ-రీమన్ సమీకరణాలు ఆ దారులన్నింటిలో రెండింటిని మాత్రమే తీసుకుని, అడ్డంగా వచ్చినా నిలువుగా వచ్చినా ఒకే జవాబు వచ్చిందని చెబుతాయి. మిగిలిన దారుల ఊసు వాటిలో లేదు. అందుచేత అవి ఆవశ్యక నియమాలే గాని, ఒంటరిగా పర్యాప్త నియమాలు కావు. పాక్షిక అవకలజాలు ఆ బిందువు పరిసరంలో ఉండి, బిందువు దగ్గర అవిచ్ఛిన్నంగా కూడా ఉంటే అప్పుడు పర్యాప్తమవుతాయి. మీ లెక్కలో ఎక్స్, వై ధనాత్మకమైనప్పుడు ఎక్స్ పరంగా తీసిన పాక్షిక అవకలజం వై/ఎక్స్ వర్గమూలంలో సగం. వై అక్షానికి దగ్గరగా జరిగితే అది హద్దు లేకుండా పెరుగుతుంది. అవిచ్ఛిన్నత అక్కడ పోయింది.

ఇంకొక విధంగా కూడా చూడండి. తలం నుంచి తలానికి వెళ్లే సాధారణ ప్రమేయానికి ఒక బిందువు దగ్గర అవకలజమంటే నాలుగు వాస్తవ సంఖ్యల మాత్రిక. సంకీర్ణ అవకలజం ఒక్క సంకీర్ణ సంఖ్య, అంటే రెండే వాస్తవ సంఖ్యలు. నాలుగు రెండు కావాలంటే రెండు నియమాలు ఉండాలి, ఆ రెండే ఈ సమీకరణాలు. అవి అమలైనప్పుడు ఆ మాత్రిక తలాన్ని ఒక కోణంలో తిప్పగలదు, అన్ని వైపులా సమానంగా సాగదీయగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు. జడ్ బార్ (ఎక్స్ − ఐ·వై) తలాన్ని అద్దంలోలాగా తిరగవేస్తుంది కనుక, చూడటానికి ఎంత అమాయకంగా ఉన్నా, అది ఎక్కడా అవకలనీయం కాదు.

మొలగొలుకులు

మాస్టారు చెప్పిన మాత్రిక సంగతి మా నోట్సులో ఎక్కడా లేదు. జెరాక్స్ అంగడిలో దొరికే ఆ నోట్సు ఎవరు రాశారో, ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. జెరాక్స్ మీద జెరాక్స్ తీసి తీసి కాంటూర్ (సమాకలనం చేసే దారి) బొమ్మల మీది బాణం గుర్తులన్నీ చెరిగిపోయాయి. ఏ అర్ధవృత్తం ఎటు తిరుగుతుందో ఊహించుకోవలసిందే.

కావలి_ప్యాసింజర్

ఆ నోట్సుతోనే మా బ్యాచ్ మొత్తం పాసయింది, దానిని ఏమీ అనకండి.

రెండు_పై_ఐ

నెల్లూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మొదటి పోస్టులోని రెండవ బాధకు సిద్ధాంతాలు చదవకముందే చేయదగిన ఒక లెక్క ఉంది. పెన్ను తీసుకుని నిజంగానే చేయండి.

మూలబిందువు కేంద్రంగా ఆర్ వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి, దాని మీద అపసవ్య దిశలో ఒక చుట్టు తిరుగుతూ మూడు ప్రమేయాలను సమాకలనం చేయండి. మొదటిది జడ్, రెండవది జడ్ బార్, మూడవది 1/జడ్. జడ్ స్థానంలో ఆర్ ఇంటు ఈ టు ది పవర్ ఐ తీటా పెడితే మూడూ రెండేసి పంక్తుల లెక్కలు. జడ్‌కు సున్నా వస్తుంది. జడ్ బార్‌కు 2పై·ఐ·ఆర్² వస్తుంది. 1/జడ్‌కు 2పై·ఐ వస్తుంది.

ఇప్పుడు వచ్చిన జవాబుల వంక చూడండి. ఏకాంక వృత్తం మీద జడ్ బార్, 1/జడ్ ఒకటే ప్రమేయం, అందుకే ఆర్ = 1 అయినప్పుడు రెండింటి జవాబులూ కలిశాయి. వృత్తాన్ని పెంచితే జడ్ బార్ జవాబు మారిపోతుంది. నిజానికి అది వృత్త వైశాల్యానికి 2ఐ రెట్లు. అంటే దారి మారితే జవాబు మారుతుంది. 1/జడ్ మాత్రం వృత్తం చిన్నదైనా పెద్దదైనా 2పై·ఐ దగ్గరే నిలిచిపోతుంది. చిన్న వృత్తానికీ పెద్ద వృత్తానికీ నడుమ ఉన్న ప్రదేశమంతటా 1/జడ్ అనలిటిక్, అంటే ప్రతి బిందువు దగ్గరా అవకలనీయం, కనుక, దారిని అటు జరిపినా ఇటు జరిపినా సమాకలనం కదలదు. కోషీ సిద్ధాంతం చెప్పేది ఈ మాటే. చదివే ముందు దానిని ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే, తరువాత వచ్చే నిరూపణ దేనిని నిరూపిస్తోందో తెలుస్తుంది.

ఒంగోలు_గిత్త

నా పేరుకు తగిన మాట ఇక్కడ ఒకటి చెప్పాలి. గుంజకు కట్టిన గిత్త దగ్గరగా తిరిగినా దూరంగా తిరిగినా, వంకరటింకరగా తిరిగినా, చివరకు మనం చూసేది తాడు గుంజకు ఎన్ని చుట్లు చుట్టుకుందన్నదే. మేడమ్ గారి 2పై·ఐ ఒక్క చుట్టు ఖరీదు. రెండు చుట్లు తిరిగితే 4పై·ఐ, ఎదురు తిరిగితే మైనస్ 2పై·ఐ, గుంజను లోపల పెట్టుకోకుండా పక్కన తిరిగితే సున్నా.

చేపల_పులుసు

జడ్ బార్ అనే గిత్త మాత్రం తిరిగిన పొలం విస్తీర్ణాన్ని బట్టి కూలి అడుగుతుందన్నమాట.

చీమకుర్తి_గ్రానైట్

మీరందరూ నిరూపణల్లో మునిగిపోతున్నారు. నేను ఎలక్ట్రికల్ ఇంజినీరును. మాకు బీటెక్ రెండవ ఏడాదిలో ఈ సిలబస్ సగం చెప్పారు, ఒక్క నిరూపణ కూడా అడగలేదు. పోల్ (హారం సున్నా అయి ప్రమేయం హద్దు లేకుండా పెరిగే బిందువు) ఎక్కడుందో కనుక్కో, రెసిడ్యూ (ఆ బిందువు దగ్గరి శ్రేణిలో 1/(జడ్−పోల్) గుణకం) తియ్యి, 2పై·ఐ తో గుణించు, అంతే. 1/(1+ఎక్స్²) ను మైనస్ అనంతం నుంచి అనంతం దాకా సమాకలనం చేయమంటే, పై సగంలో ఉన్న పోల్ ఐ, అక్కడ రెసిడ్యూ 1/(2ఐ), జవాబు పై. లాప్లాస్ విలోమానికైనా ఇదే పని చేస్తాము. ఇంత కాలంలో ఎక్కడా ఇబ్బంది రాలేదు.

రెండు_పై_ఐ

గ్రానైట్ గారూ, అయితే అదే పద్ధతిలో లవంలో 1 బదులు కాస్ ఎక్స్ పెట్టి చేయండి. పోల్ అదే, హారం అదే.

చీమకుర్తి_గ్రానైట్

కాస్ ఐ అంటే కాష్ 1. కాబట్టి పై ఇంటు కాష్ 1, సుమారు 4.85.

రెండు_పై_ఐ

కాస్ ఎక్స్ ఎప్పుడూ ఒకటి దాటదు. కాబట్టి ఈ సమాకలనం విలువ మీరు ఇంతకుముందు కనుక్కున్న పై, అంటే 3.14 కంటే ఎక్కువ కావడానికి వీలులేదు. మీకు 4.85 వచ్చింది.

పోల్, రెసిడ్యూ లెక్కలో దోషం లేదు. పైన గీసిన పెద్ద అర్ధవృత్తం సంగతి వదిలేశారు. ఆ అర్ధవృత్తం మీద సమాకలనం సున్నాకు పోతేనే అడ్డగీత మీది సమాకలనం మిగులుతుంది. 1/(1+జడ్²) విషయంలో దాని పరిమాణం పై·ఆర్/(ఆర్²−1) ను దాటదు, ఆర్ పెరిగేకొద్దీ సున్నాకు పోతుంది. కాస్ జడ్ మాత్రం ఊర్ధ్వ అర్ధతలంలో పైకి పోయేకొద్దీ ఘాతీయంగా పెరుగుతుంది, హారంలోని వర్గం దానిని ఆపలేదు. అందుకే కాస్ బదులు ఈ టు ది పవర్ ఐ జడ్ తీసుకోవాలి. పైకి పోయేకొద్దీ అది తగ్గుతుంది. ఐ దగ్గర దాని రెసిడ్యూ 1/(2ఐ·ఈ), జవాబు పై/ఈ, సుమారు 1.156. వాస్తవ భాగం తీసుకుంటే మనకు కావలసిన కాస్ సమాకలనం అదే.

కావలి_ప్యాసింజర్

కాస్ కనిపిస్తే ఈ టు ది పవర్ ఐ జడ్ వేసుకోవాలని నోట్సులో పెట్టెకట్టి ఉంది. కంఠతా పట్టినవాడికి ఈ ప్రమాదం జరగదు.

పాత_బోర్డు

కాస్ ఉంటే జరగదు. లవంలో ఈ టు ది పవర్ మైనస్ ఐ ఎక్స్ ఇచ్చినప్పుడు మీ పెట్టె ఏమంటుంది? అర్ధవృత్తాన్ని కిందికి గీయాలి, దిశ మారుతుంది, గుర్తు మారుతుంది. పెద్ద చాపం ఎందుకు చచ్చిపోతుందో తెలిసినవాడికి కొత్త పెట్టె అక్కరలేదు.

కావలి_ప్యాసింజర్

మాస్టారూ, మీతో వాదించను గాని ఒక మాట చెప్పాలి. ఇక్కడ చాలామంది ఉదయం ఊరి నుంచి బస్సులో కాలేజీకి వెళ్లి, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుని, రాత్రి పుస్తకం తెరిచేవాళ్లు. అందరికీ తీరిక ఒక్కలాగా ఉండదు. పాసయి, బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకోవాలి. పెద్ద చాపం ఎందుకు చచ్చిపోయిందో తరువాత తీరికగా విచారించుకోవచ్చు.

సింగరాయకొండ_గేటు

కావలి అన్నది అబద్ధం కాదు. అయితే జేఎల్ పరీక్షకూ, నెట్ పరీక్షకూ వెళ్లినప్పుడు నిరూపణ ఎవరూ అడగరు. నాలుగు వాక్యాలు ఇచ్చి ఏది నిజమని అడుగుతారు. కంఠతా వచ్చిన సిద్ధాంతం అక్కడ అక్కరకు రాదు. షరతుల్లో ఒకదానిని మెల్లగా తీసేసి అడుగుతారు, ఆ షరతు ఎందుకు అక్కడ ఉందో తెలిసినవాడే పట్టుకుంటాడు.

నాకు ఈ పేపరు మీద నమ్మకం కలిగించింది ఒక పాత సందేహం. 1/(1+ఎక్స్²) కు ఘాత శ్రేణి రాస్తే 1 − ఎక్స్² + ఎక్స్⁴ అని పోతుంది, |ఎక్స్| ఒకటి దాటితే అభిసరించదు. డిగ్రీలో ఇది నాకు మింగుడుపడలేదు. ఎందుకంటే వాస్తవ రేఖ మీద ఆ ప్రమేయానికి ఏ లోపమూ లేదు. ఒకటి దగ్గర విలువ సగం, అక్కడ గీత నునుపుగానే వెళుతుంది. మరి శ్రేణి దేనికి తట్టుకుని ఆగిపోయింది? ఐ, మైనస్ ఐ దగ్గర హారం సున్నా అవుతుంది. మూలబిందువు నుంచి వాటి దూరం సరిగ్గా ఒకటి. శ్రేణి అభిసరణ వ్యాసార్ధం కూడా అంతే. రేఖ మీద నిలబడి చూస్తే అడ్డంకి కనిపించదు, తలంలోకి వస్తే కనిపిస్తుంది.

మొలగొలుకులు

ఇది చదివాక ఈ సంఖ్యల పుట్టుక కూడా గుర్తొచ్చింది. ఎక్స్² + 1 = 0 కోసం వీటిని కనిపెట్టారని బడిలో చెబుతారు గాని, ఆ సమీకరణానికి మూలాలు లేవని ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. గొడవంతా ఘన సమీకరణంతో వచ్చింది. 1545లో కార్డానో ప్రచురించిన సూత్రాన్ని ఎక్స్³ = 15ఎక్స్ + 4 కు వాడితే లోపల మైనస్ 121 వర్గమూలం వస్తుంది. చూస్తే ఆ సమీకరణానికి 4 అనే చక్కని మూలం ఉంది. 1572లో బొంబెల్లి ధైర్యం చేసి ఆ సంఖ్యలతోనే లెక్క సాగించాడు. 2+ఐ ని ఘనం చేస్తే 2+11ఐ వస్తుంది, 2−ఐ ని ఘనం చేస్తే 2−11ఐ వస్తుంది. కాబట్టి ఆ రెండు ఘనమూలాలను కలిపితే ఐలు కొట్టుకుపోయి 4 మిగులుతుంది. వాస్తవమైన జవాబుకు పోయే దారి ఐ గుండా పోయింది. గ్రానైట్ గారి అర్ధవృత్తం చేసే పనీ అదే.

కావలి_ప్యాసింజర్

చరిత్రకు మార్కులు లేవు.

చేపల_పులుసు

మార్కులు లేని విషయాలే ఈ చర్చలో బాగున్నాయి.

పొదలకూరు_నిమ్మ

మేడమ్ గారు చెప్పిన మూడు సమాకలనాలు చేశాను, జవాబులు అవే వచ్చాయి. ఇప్పుడు రెండు సందేహాలున్నాయి. మొదటిది, మా తరగతిలో కోషీ సిద్ధాంతాన్ని గ్రీన్ సిద్ధాంతంతో నాలుగు పంక్తుల్లో తేల్చి, మరునాడు గౌర్సా నిరూపణ అని బోర్డు నిండా త్రిభుజాలు గీశారు. నాలుగు పంక్తుల్లో అయిపోయిన దానికి ఇంత శ్రమ ఎందుకు? రెండవది, సైన్ జడ్ తలమంతటా అనలిటిక్, పైగా |సైన్| ఒకటి దాటదు. అయితే లియూవిల్ సిద్ధాంతం ప్రకారం అది స్థిర ప్రమేయం కావాలి కదా?

ఒంగోలు_గిత్త

రెండవదానికి నేను చెబుతాను. ఒకటి దాటనిది వాస్తవ సంఖ్యల మీద మాత్రమే. నిలువు అక్షం మీద సైన్ ఐ·వై అంటే ఐ ఇంటు సైన్‌హెచ్ వై. వై = 10 దగ్గరే దాని పరిమాణం 11,000 దాటుతుంది. అది స్థిరం కాదు కనుక ఎక్కడో ఒక చోట హద్దు మీరక తప్పదని లియూవిల్ ముందే చెప్పాడు, మీరు దానిని తలకిందులుగా చదివారు.

పాత_బోర్డు

మొదటిదానికి. గ్రీన్ సిద్ధాంతం వాడాలంటే పాక్షిక అవకలజాలు అవిచ్ఛిన్నంగా ఉండాలి. అంటే అవకలజం ఉండటమే కాక, అది అవిచ్ఛిన్నమని కూడా ముందే ఒప్పుకోవాలి. మన నిర్వచనంలో ఆ షరతు లేదు. 1900లో ప్రచురించిన వ్యాసంలో ఎదువార్ గౌర్సా ఆ షరతు అక్కరలేదని చూపించాడు. ఆ ఒక్క షరతు తీసేయడానికే ఆ త్రిభుజాలన్నీ.

నిరూపణలోని ఆలోచన చాలా తేలికైనది. త్రిభుజం భుజాల మధ్యబిందువులను కలిపితే నాలుగు చిన్న త్రిభుజాలు వస్తాయి. లోపలి గీతల మీద ఎదురెదురుగా తిరిగిన సమాకలనాలు కొట్టుకుపోతాయి, కాబట్టి నాలుగింటి మొత్తం పెద్దదానికి సమానం. ఆ నాలుగింటిలో ఒకదాని వాటా కనీసం నాలుగో వంతు ఉండాలి. దానిని పట్టుకుని మళ్లీ నాలుగు చేయండి. ఇలా ఎన్ సార్లు పోతే ఒక చిన్న త్రిభుజం మిగులుతుంది. మొదటి సమాకలనం దాని సమాకలనానికి 4 పవర్ ఎన్ రెట్లకు మించదు. ఈ త్రిభుజాలన్నీ కుంచించుకుపోయి చేరే బిందువు దగ్గర ప్రమేయం అవకలనీయం, అంటే అక్కడ అది ఒక సరళ ప్రమేయానికి అతి చేరువగా ఉంటుంది. సరళ ప్రమేయం సమాకలనం సున్నా. మిగిలిన దోషం ఎప్సిలాన్ ఇంటు చుట్టుకొలత వర్గానికి మించదు. చుట్టుకొలత ప్రతిసారీ సగమవుతుంది కనుక దాని వర్గం నాలుగో వంతవుతుంది. బయటి 4 పవర్ ఎన్, లోపలి 4 పవర్ ఎన్ కొట్టుకుపోతాయి. ఎప్సిలాన్ ఇంటు మొదటి చుట్టుకొలత వర్గం మిగులుతుంది, ఎప్సిలాన్ మన ఇష్టం. కాబట్టి సమాకలనం సున్నా.

ఇక్కడి నుంచి మీ వరాలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. సమాకలనం సున్నా అయితే, ఒక బిందువు చుట్టూ ఉన్న వృత్తాన్ని ఎంత చిన్నదిగానైనా కుదించి కోషీ సమాకలన సూత్రం రాబట్టవచ్చు. ఆ సూత్రంలో బిందువు పేరు హారంలో మాత్రమే ఉంటుంది. ఆ హారాన్ని ఎన్నిసార్లైనా అవకలనం చేయవచ్చు, కనుక ప్రమేయాన్ని కూడా ఎన్నిసార్లైనా చేయవచ్చు. వాస్తవ రేఖ మీద ఎక్స్·|ఎక్స్| ఒక్కసారి అవకలనం చేయనిచ్చి, మూలబిందువు దగ్గర రెండవసారి నిరాకరిస్తుంది. తలంలో అటువంటి ప్రమేయానికి చోటు లేదు. ఆర్ వ్యాసార్ధపు వృత్తం మీద ప్రమేయం పరిమాణం ఎమ్ దాటకపోతే, అదే సూత్రంతో కేంద్రం దగ్గర మొదటి అవకలజం పరిమాణం ఎమ్/ఆర్ దాటదని వస్తుంది. తలమంతటా హద్దు ఎమ్ ఒక్కటే అయితే ఆర్‌ను ఎంతైనా పెంచుకోవచ్చు. అవకలజం సున్నా అవుతుంది, అదే లియూవిల్. కంఠతా పట్టవలసినది ఏదైనా ఉంటే, ఏ సిద్ధాంతం వెనుక ఏది వస్తుందన్న ఈ వరుస ఒక్కటే.

కావలి_ప్యాసింజర్

ఈ పోస్టును నేను జెరాక్స్ తీయించి పెట్టుకుంటాను.

మొలగొలుకులు

అంగడిలో పెట్టకండి, త్రిభుజాల మీది బాణాలు చెరిగిపోతాయి.

పొదలకూరు_నిమ్మ

మాస్టారూ, వరుస అర్థమైంది. నిరూపణను చూడకుండా రాయగలనో లేదో రాత్రికి తేలుతుంది. చివరగా ఒకటి అడుగుతాను. సైన్ ఎక్స్/ఎక్స్ సమాకలనం కోసం తీసుకునే ఈ టు ది పవర్ ఐ జడ్ బై జడ్ కు పోల్ అడ్డగీత మీదే, సరిగ్గా సున్నా దగ్గర కూర్చుంది. మా నోట్సులో దాని మీదుగా ఒక చిన్న అర్ధవృత్తం గీసి మైనస్ పై·ఐ అని రాశారు. పూర్తి రెసిడ్యూ కాకుండా సగం ఎందుకు, మైనస్ ఎక్కడిది?

చీమకుర్తి_గ్రానైట్

ఇది నాకూ కావాలి. మేము సగం రెసిడ్యూ అని వాడేస్తాము గాని ఎవరూ కారణం చెప్పలేదు.

రెండు_పై_ఐ

ఈ టు ది పవర్ ఐ జడ్ బై జడ్ తీసుకోండి. సున్నాకు అతి దగ్గరలో లవం ఒకటే అనుకోవచ్చు, కాబట్టి అక్కడ ఇది దాదాపు 1/జడ్. పూర్తి చుట్టుకు 2పై·ఐ వచ్చిందని మీరే లెక్క చేశారు. అర్ధ చుట్టుకు అందులో సగం, పై·ఐ. చిన్న అర్ధవృత్తం సున్నా పైనుంచి ఎడమ నుంచి కుడికి దాటుతుంది, అది సవ్య దిశ, అందుకే మైనస్. చెరిగిపోయిన బాణం అక్కడ ఉండవలసినది. పోల్ సాధారణమైనది (సింపుల్ పోల్, అంటే 1/జడ్ లాంటిది) కాకపోతే ఈ సగం లెక్క పనిచేయదు, అది గ్రానైట్ గారు గుర్తు పెట్టుకోవాలి.

పెద్ద అర్ధవృత్తం మీద జాగ్రత్త. 1/ఆర్ ను పై·ఆర్ పొడవుతో గుణిస్తే పై మిగులుతుంది, సున్నాకు పోదు. ఎమ్‌ఎల్ అసమానత (గరిష్ఠ పరిమాణాన్ని దారి పొడవుతో గుణించే హద్దు) ఇక్కడ చాలదు. సైన్ తీటా 0 నుంచి పై/2 దాకా 2·తీటా/పై కంటే తగ్గదన్న జోర్డాన్ ఉపసిద్ధాంతం వాడితేనే సున్నాకు పోతుంది. లోపల పోల్ లేదు కనుక మొత్తం సున్నా, అందుచేత అడ్డగీత మీది భాగం పై·ఐ. కల్పిత భాగం తీసుకుంటే మైనస్ అనంతం నుంచి అనంతం దాకా పై, సున్నా నుంచి అనంతం దాకా పై/2.

సింగరాయకొండ_గేటు

చిన్న అర్ధవృత్తాన్ని సున్నా కిందుగా గీస్తే?

పొదలకూరు_నిమ్మ

అప్పుడు పోల్ లోపలికి వస్తుంది, మొత్తం 2పై·ఐ. చిన్న అర్ధవృత్తం అపసవ్య దిశలో పోతుంది, దాని వాటా ప్లస్ పై·ఐ. తీసివేస్తే మళ్లీ పై·ఐ యే మిగిలింది.